ఊరి జట్టు పేరు మీదికి లీగల్ నోటీసు వస్తే

సందేహం: మా పట్టణంలో 2015 నుంచి మా క్రికెట్ జట్టు ఊరి పేరు, దాని పక్కన ‘టైగర్స్’ అనే మాట కలిపి ఆడుతోంది. ఏటా వేసవిలో అదే పేరుతో టోర్నమెంటు నిర్వహిస్తున్నాం, ఎంట్రీ ఫీజు తీసుకుంటున్నాం, ఇద్దరు ముగ్గురు స్పాన్సర్లు కూడా ఉన్నారు. నిరుడు ఒక కంపెనీ కొత్త లీగులో జట్టును కొనుక్కుని దాదాపు ఇదే పేరు పెట్టుకుంది. ఆ పేరు తమ ట్రేడ్‌మార్క్ అనీ, 15 రోజుల్లో పేరూ లోగో మానుకోకపోతే దావా వేస్తామనీ ఇప్పుడు లాయర్ చేత నోటీసు పంపింది. ఇదే సమయంలో, పదో తరగతి చదివే రోజుల్లో మా లోగో గీసిచ్చిన అబ్బాయి అది తనదేనంటున్నాడు. మా కుర్రాళ్ల అభిమాన సంఘం ఒక పెద్ద ఫ్రాంచైజీ జట్టు లోగోతో టీషర్టులు ముద్రించి అమ్ముతోంది. వీటిలో ఏది తప్పు, ఏది ఒప్పు? మేం పేరు మార్చుకోవాలా?

సమాధానం: పేరు మార్చుకోవలసిన అవసరం ఇప్పటికైతే లేదు. లాయర్ పంపిన నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. అది అవతలి పక్షం తన వాదనను తాను చెప్పుకోవడం మాత్రమే. అందులోని 15 రోజుల గడువు కూడా చట్టం పెట్టింది కాదు, వాళ్లు పెట్టుకున్నది. అలాగని జవాబివ్వకుండా ఊరుకోవడం మాత్రం ప్రమాదం. మీ ప్రశ్నలో పేరు, మీ లోగో, ఇంకొకరి లోగో అనే మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. మొదటి దానిలో మీ పక్షం బలంగా ఉంది, రెండో దానిలో లోపం ఉన్నా సరిదిద్దుకోవచ్చు, మూడో దానిలో మాత్రం తప్పు మీ వాళ్లదే.

పేరు సంగతి ముందు చూద్దాం. ఊరి పేరు ఎవరి సొత్తూ కాదు. కేవలం ఒక ప్రదేశాన్ని సూచించే మాటను ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయడానికి 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టంలోని సెక్షన్ 9 సాధారణంగా ఒప్పుకోదు. ‘టైగర్స్’ అనే మాట కూడా క్రీడాలోకంలో అందరూ వాడేదే. అమెరికాలో ఐస్ హాకీ ఆడే ఫ్లోరిడా పాంథర్స్, ఫుట్‌బాల్ ఆడే కరోలినా పాంథర్స్ ఒకే జంతువు పేరుతో పక్కపక్కనే ఉన్నాయి. కాబట్టి తగాదా విడివిడి మాటల మీద కాదు, ఆ రెండూ కలిసిన పేరు మీద. ఆ కలిసిన పేరు విషయంలో మన చట్టం మొదట అడిగేది ఎవరు రిజిస్టర్ చేయించుకున్నారని కాదు, ఎవరు ముందు వాడారని. రిజిస్టర్ చేయించుకున్నవారి వాడుక తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే దానికన్నా ముందునుంచే నిరంతరం ఆ పేరు వాడుతూ వచ్చినవారి జోలికి రిజిస్టర్డ్ యజమాని వెళ్లకూడదని సెక్షన్ 34 స్పష్టంగా చెబుతోంది. తిరునెల్వేలిలోని ‘ఇరుట్టుక్కడై హల్వా’ పేరు మీద నడిచిన సయ్యద్ మొహిదీన్ కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని గట్టిగా నిలబెట్టింది. అవతలివారి చేతిలో రిజిస్ట్రేషన్ ఉన్నా ముందునుంచి వాడుతున్నవారి హక్కే మేలైనదని చెప్పింది.

అయితే సెక్షన్ 34 అడిగే వాడుక ఊరికే పిలుచుకునే పేరు కాదు. సరుకులకో సేవలకో సంబంధించిన వాడుక. ‘ఇది సరదాగా ఆడుకునే జట్టు, వ్యాపారం కాదు, కాబట్టి రక్షణ లేదు’ అన్న వాదన అవతలి లాయర్ తప్పక తెస్తారు. మీ టోర్నమెంటు నిర్వహణ, ఎంట్రీ ఫీజు, స్పాన్సర్ల బ్యానర్లు ఇక్కడే అక్కరకొస్తాయి, ఎందుకంటే క్రీడా పోటీల నిర్వహణ ట్రేడ్‌మార్క్ వర్గీకరణలో 41వ తరగతి కిందికి వచ్చే సేవ. ఇక ఆ పేరు వినగానే మీ ప్రాంతంలో జనానికి మీ జట్టే గుర్తుకు రావడాన్ని చట్టం గుడ్‌విల్ అంటుంది. అభిమానుల ఆదరణకు న్యాయస్థానంలో ఉన్న పేరు అదే. దానిని నిరూపించగలిగితే రిజిస్ట్రేషన్ లేకపోయినా సెక్షన్ 27(2) కింద పాసింగ్ ఆఫ్ దావా, అంటే ‘మా పేరు ప్రతిష్ఠను తమదిగా చలామణీ చేసుకుంటున్నారు’ అనే దావా, మీరే వాళ్ల మీద వేయవచ్చు. సెక్షన్ 34 మీకు డాలు, పాసింగ్ ఆఫ్ మీకు కత్తి. మొదటిది మాత్రం ఇప్పుడు తప్పనిసరి.

కాబట్టి ఈ వారం మీరు చేయవలసిన అసలు పని కాగితాలు వెతకడం. తొమ్మిది పదేళ్ల కిందటి జిల్లా ఎడిషన్‌లో మీ విజయం గురించి వచ్చిన నాలుగు వరుసల వార్త, జెర్సీలు కుట్టించినప్పుడు జట్టు పేరు రాసి తేదీ వేసి ఇచ్చిన బిల్లు, స్కోరు పుస్తకాలు, గెలిచిన జట్లకు మీరిచ్చిన సర్టిఫికెట్ల నకళ్లు, మైదానం కోసం మున్సిపాలిటీకో పాఠశాలకో పెట్టుకున్న దరఖాస్తు, స్పాన్సరు డబ్బు వేసిన బ్యాంకు పాస్‌బుక్ పేజీ, వీటిలో ఏదీ చిన్నది కాదు. నా అనుభవంలో ఇలాంటి కేసులు పెద్ద పెద్ద వాదనలతోకన్నా తేదీ ఉన్న ఒక పాత రసీదుతోనే ఎక్కువగా మలుపు తిరుగుతాయి. ఫేస్‌బుక్ పోస్టులు, వాట్సాప్ ఫొటోలు కూడా పనికొస్తాయి గానీ, వాటి ప్రింటు తీసి ఇస్తే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63 ప్రకారం ఆ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ జతపరచాలి. అందువల్ల ఆ పోస్టులున్న ఫోన్‌ను మార్చవద్దు, ఖాతాను తొలగించవద్దు. కొవిడ్ కాలంలోలాగా టోర్నమెంటు జరగని సంవత్సరాలుంటే దాచకండి. చట్టం నిరంతర వాడుక అంటుంది కనుక ఆ విరామం ఎందుకొచ్చిందో, ఆ మధ్యలో కూడా జట్టు అదే పేరుతో ఎక్కడెక్కడ ఆడిందో రాసి పెట్టుకోండి.

చిన్న జట్టు పెద్ద సంస్థ ముందు నిలబడగలదా అని మీకు బెంగ ఉండడం సహజం. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జరిగింది చూడండి. అక్కడి ప్రసిద్ధ బేస్‌బాల్ జట్టు ‘ఇండియన్స్’ అన్న పాత పేరు వదిలి ‘గార్డియన్స్’గా మారుతున్నట్టు 2021 జూలైలో ప్రకటించింది. అప్పటికే అదే నగరంలో అదే పేరుతో రోలర్ స్కేట్లపై ఆడే ఒక చిన్న డెర్బీ జట్టు 2013 నుంచి ఉంది. ఆ పేరు మీద వెబ్‌సైట్ చిరునామా కూడా ఆ చిన్న జట్టు చేతిలోనే ఉంది. వాళ్లు భయపడి పేరు వదులుకోలేదు, అక్టోబరులో తామే కోర్టుకెక్కారు. నవంబరులో రాజీ కుదిరింది, రెండు జట్లూ ఆ పేరును కొనసాగించుకుంటున్నాయి. అక్కడి తీర్పులు మన కోర్టులను కట్టిపడేయవు, పైగా ఇది తీర్పు కూడా కాదు, రాజీ. అయినా మీ జవాబు నోటీసులో ఇలాంటి సహజీవన ఒప్పందానికి, అంటే ఇద్దరూ ఆ పేరు వాడుకునే ఏర్పాటుకు, తలుపు తెరిచి ఉంచమనే నా సలహా. సెక్షన్ 34 రక్షణ మీరు ఇంతవరకు వాడుతూ వచ్చిన సేవలకే పరిమితం. రేపు ఆ పేరుతో రాష్ట్రమంతటా జెర్సీల వ్యాపారం మొదలుపెడితే ఆ డాలు అంతదూరం రాదు.

జవాబు పంపే ముందు ట్రేడ్‌మార్క్‌ల రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతికి, వాళ్లది నిజంగా రిజిస్టర్ అయిందా, దరఖాస్తు దశలోనే ఉందా, మొదటి వాడుక తేదీగా ఏది రాశారు అన్నది చూడండి. దరఖాస్తు రిజిస్ట్రీ వారి ట్రేడ్‌మార్క్‌ల జర్నల్‌లో ప్రచురితమై నాలుగు నెలలు దాటకపోతే వెంటనే అభ్యంతరం దాఖలు చేయవచ్చు. రిజిస్టర్ అయిపోయి ఉంటే సెక్షన్ 57 కింద దానిని తొలగించమని రిజిస్ట్రార్‌నో హైకోర్టునో కోరవచ్చు. మరో జాగ్రత్త ఏమిటంటే, ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన దావాను వాది తాను వ్యాపారం చేసే చోటే వేసుకునే వీలు సెక్షన్ 134 కల్పిస్తుంది. మీకు తెలియకుండానే దూరపు కోర్టులో ఏకపక్షంగా తాత్కాలిక ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చుకునే అవకాశం ఉంది. అందుకని వాళ్లు దావా వేయగల కోర్టుల్లో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద కేవియట్ వేయించండి. అది 90 రోజులు అమల్లో ఉంటుంది, ఆలోగా మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వరు.

ఇక లోగో. ఇక్కడ ఆ అబ్బాయి మాట చాలావరకు నిజం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం బొమ్మ గీసినవారే దాని మొదటి యజమాని. అతను మీ ఉద్యోగి కాదు, మీరు డబ్బిచ్చి గీయించుకోలేదు, రాతపూర్వకంగా హక్కు బదిలీ చేసుకోలేదు. అప్పట్లో కాగితం మీద సంతకం తీసుకుని ఉన్నా లాభం ఉండేది కాదు, ఎందుకంటే మైనరు చేసిన ఒప్పందం చెల్లదని 1903 నాటి మొహరీ బీబీ కేసు నుంచి స్థిరపడి ఉంది. ఇన్నేళ్లు అతని కళ్లముందే వాడుతున్నారు కనుక మీకు వాడుకునే అనుమతి ఉన్నట్టేనని వాదించవచ్చు. కానీ అనుమతి వేరు, యాజమాన్యం వేరు. ఆ లోగోను రేపు ఇంకెవరైనా కాపీ కొడితే ‘ఇది మాది’ అని దావా వేసే హక్కు ఆ అనుమతితో రాదు.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తుకొచ్చేది ఫ్రెడరిక్ బౌషా అనే అమెరికన్ సంగతి. సెక్యూరిటీ గార్డుగా పనిచేస్తూ బొమ్మలు గీసుకునే ఆయన 1996లో బాల్టిమోర్‌కు కొత్తగా వచ్చిన ఫుట్‌బాల్ జట్టు రేవెన్స్ కోసం తాను గీసిన రెక్కల డాలు బొమ్మను మేరీల్యాండ్ స్టేడియం అథారిటీకి ఫ్యాక్స్ చేశారు. అది వాడుకుంటే తనకు గుర్తింపుగా ఒక లేఖ, వీలైతే ఆటగాళ్లు సంతకం చేసిన ఒక హెల్మెట్ ఇవ్వమన్నారు, అంతే. జట్టు దాదాపు అదే బొమ్మతో మైదానంలోకి దిగింది. అది కాపీరైట్ ఉల్లంఘనేనని 1998లో జ్యూరీ తేల్చింది, తర్వాత జట్టు లోగో మార్చుకుంది. కానీ లాభాలు ఆ బొమ్మ వల్ల వచ్చాయని తేలలేదంటూ ఆయనకు నష్టపరిహారం ఇవ్వలేదు, 2003లో అప్పీలు కోర్టు దానినే ఖాయం చేసింది. ఒక్క లేఖతో, ఒక హెల్మెట్‌తో తీరిపోయేది ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. మీ అబ్బాయి దగ్గర ఆ పరిస్థితి రానివ్వకండి. ఇప్పుడు అతను మేజరు కనుక తగిన మొత్తం ఇచ్చి కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం రాతపూర్వకంగా బదిలీ పత్రం రాయించుకోండి. అందులో కాలపరిమితి రాయకపోతే బదిలీ అయిదేళ్లకే ముగుస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది, కనుక ఆ రెండూ స్పష్టంగా ఉండాలి. గీసింది తానేనని చెప్పుకునే హక్కు అదే చట్టంలోని సెక్షన్ 57 వల్ల ఆ తర్వాత కూడా అతనికే ఉంటుంది. టోర్నమెంటు కరపత్రం మీద ఒక మూల అతని పేరు వేయడం న్యాయం కూడా.

టీషర్టుల అమ్మకం మాత్రం ఈరోజే ఆపించండి. ‘మేం అభిమానంతో చేస్తున్నాం, ఆ జట్టుకు ప్రచారమే కదా’ అన్న మాట కోర్టులో నిలవదు. లండన్‌లో ఆర్సెనల్ ఫుట్‌బాల్ మైదానం బయట మాథ్యూ రీడ్ అనే చిరువ్యాపారి 1970 నుంచి జట్టు పేరుతో, చిహ్నంతో స్కార్ఫులు అమ్మేవారు, ఇవి క్లబ్బు అధికారిక సరుకులు కావని దుకాణం మీద బోర్డు కూడా పెట్టారు. కొనేవాళ్లు దానిని అభిమానానికి గుర్తుగా చూస్తారే తప్ప సరుకు ఎవరిదో తెలిపే ముద్రగా కాదని ఆయన వాదన. 2002లో ఐరోపా న్యాయస్థానం ఆ వాదనను ఒప్పుకోలేదు, 2003లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు క్లబ్బు పక్షానే తీర్పిచ్చింది. మన చట్టంలో ఇది సివిల్ తగాదాతో ఆగదు. ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్లు 103, 104 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ. 50 వేల నుంచి రూ. 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 శిక్ష కూడా దాదాపు అంతే, అది వారెంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పద్దెనిమిదేళ్ల కుర్రవాడి పేరు మీద అలాంటి కేసు పడితే ఉద్యోగం దాకా వెంటాడుతుంది. వాళ్లను కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి. జట్టు రంగుల్లో చొక్కా వేసుకోవడం, ముఖానికి రంగు పూసుకోవడం, తమను తాము ఫలానా జట్టు అభిమానుల సంఘంగా, అధికారిక సంఘం కాదని తెలిసేలా, చెప్పుకోవడం, ఇవన్నీ వ్యాపారం కావు గనుక ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కిందికి రావు. జాతీయ జట్టు ఆడేటప్పుడు జెండా మీద సంఘం పేరు రాసే అలవాటు ఉంటే అదీ మానాలి. త్రివర్ణ పతాకం మీద రాతలు రాయడం 1971 చట్టం కింద నేరం.

చివరగా, మీ జట్టు తరఫున దరఖాస్తు ఎవరి పేరిట వేయాలన్నది. వ్యక్తి పేరిట ఆన్‌లైన్‌లో వేస్తే ఒక్కో తరగతికి ఫీజు రూ. 4,500, సొసైటీ పేరిట అయితే రూ. 9,000. ఆ తేడా చూసి కెప్టెన్ పేరిట వేయవద్దు. అతను రేపు జట్టు మారితే పేరు అతనితోపాటు వెళ్లిపోతుంది. కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీగా రిజిస్టర్ అయి, ఇప్పటిదాకా జట్టుకు వచ్చిన పేరూ గుడ్‌విల్ సొసైటీకి చెందుతాయని పాత సభ్యులందరి సంతకాలతో ఒక పత్రం రాయించి, 2015 నుంచి వాడుతున్నట్టు అఫిడవిట్ జతచేసి దరఖాస్తు పెట్టండి. అయితే ఇవన్నీ జరిగేదాకా నోటీసుకు జవాబు ఆపవద్దు. జవాబుకన్నా ముందు తప్పక రాయించుకోవలసిన పత్రం ఒక్కటే, ఆ అబ్బాయితో లోగో బదిలీ పత్రం. జవాబులో లోగో మాది అని రాయబోతున్నారు కనుక, ఆ మాట రాసే రోజుకు అది నిజంగా మీదై ఉండాలి.