టర్మ్ లిమిట్ ఉండాలి, కానీ మరీ ఆరేళ్లా?

అమెరికాలో రాష్ట్ర శాసనసభ్యులకి టర్మ్ లిమిట్స్, అంటే ఒక మనిషి ఇన్నేళ్లకి మించి పదవిలో ఉండకూడదన్న హద్దు, పెడితే రాజకీయాలు బాగుపడతాయా అని అడిగారు. మిషిగన్‌లో ఉంటూ చూసిందాన్ని బట్టి చెబుతున్నాను. లిమిట్ ఉండటం తప్పు కాదు, కానీ 1992లో ఇక్కడ పెట్టినంత బిగించి పెడితే నష్టపోయేది మామూలు జనమే.

అప్పటి రూల్ ప్రకారం రాష్ట్ర శాసనసభలోని దిగువ సభ హౌస్‌లో ఆరేళ్లు (రెండేళ్ల టర్మ్‌లు మూడు), ఎగువ సభ సెనేట్‌లో ఎనిమిదేళ్లు. అది దాటితే జన్మలో మళ్లీ ఆ సభకి పోటీ చేయడానికి లేదు.

మా అబ్బాయికి స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరం. అలాంటి పిల్లల తల్లిదండ్రులం కొంతమంది కలిసి స్కూళ్ల నిధుల గురించి మాట్లాడటానికి రాష్ట్ర రాజధాని లాన్సింగ్ వెళ్తుండేవాళ్లం. మా ఏరియా రిప్రజెంటేటివ్ మంచి మనిషి, చెప్పిందంతా ఓపిగ్గా విని రాసుకునేవారు, కానీ ఆ నిధుల లెక్కలు ఆయనకి పూర్తిగా ఒంటబట్టేసరికి మూడో టర్మ్ అయిపోవచ్చింది. రెండేళ్ల సెషన్ ముగిసేలోపు పాస్ కాని బిల్లు ఏదైనా మురిగిపోతుంది, మాదీ అలాగే పోయింది, ఆయన సీటులోకి వచ్చినావిడకి మళ్లీ అఆల నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది.

ఒక కమిటీ హియరింగ్ నాకు బాగా గుర్తుంది. ఫలానా సెక్షన్ తీసేస్తే ఏమవుతుందని ఒక కొత్త సభ్యుడు అడిగితే అక్కడ ఎవరికీ తెలియలేదు, అందరూ వెనక వరసలో కూర్చున్న లాబీయిస్టు (డబ్బు తీసుకుని ఎవరో ఒకరి తరఫున శాసనసభ్యులతో మాట్లాడేవాడు) వైపు చూశారు. ఆయన లేచి ఏ సవరణ ఎప్పుడు, ఎందుకు వచ్చిందో కాగితం చూడకుండా గడగడా చెప్పేశాడు. చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ ఆయన్ని ఎన్నుకున్నది మేం కాదు, ఆయనకి జీతమిచ్చేదీ మేం కాదు.

అలాగని లిమిట్స్ అడిగినవాళ్ల కోపం ఊరికే రాలేదు. కాలిఫోర్నియాలో 1990లో టర్మ్ లిమిట్స్ పెట్టిన ప్రతిపాదన 140 ప్రజల ఓటుతో గెలిచేనాటికి విల్లీ బ్రౌన్ పదేళ్లుగా అసెంబ్లీ స్పీకర్. ఒకే మనిషి చేతిలో అంతకాలం పగ్గాలుంటే జనానికి విసుగు రాదా? కానీ అక్కడా ఆరేళ్లు, ఎనిమిదేళ్ల లిమిట్ బాగా ఇబ్బంది పెట్టింది, 2012లో రెండు సభలూ కలిపి 12 ఏళ్లకి మార్చుకున్నారు. మిషిగన్ ఓటర్లు 2022లో అదే చేశారు. కావాలంటే ఆ 12 ఏళ్లూ ఒకే సభలో ఉండొచ్చు, నా దృష్టిలో అసలు మేలు అక్కడే ఉంది. పాత రూల్ కింద 2015 నుంచి 2022 దాకా మా హౌస్‌కి రెండేళ్లకో కొత్త స్పీకర్ వచ్చాడు, అలాంటి సభలో పదేళ్ల తర్వాతి సంగతి ఎవరు ఆలోచిస్తారు చెప్పండి.

పాతుకుపోయినవాళ్లని కదపడమే మీ ఉద్దేశమైతే నియోజకవర్గాల హద్దులు ఎవరు గీస్తున్నారో ముందు చూడండి. ఆ పనిని మేం 2018లో ఓటేసి శాసనసభ చేతిలోంచి తీసి స్వతంత్ర కమిషన్‌కి ఇచ్చాం. మీ రాష్ట్రంలో టర్మ్ లిమిట్ ఓటుకొస్తే మాత్రం ఎన్నేళ్లో, జీవితకాల నిషేధమా లేక కొంత విరామం తర్వాత మళ్లీ పోటీ చేయొచ్చా అన్నది చదివాకే ఓటేయండి.