‘ఐఎన్‌జీ’తో మొదలయ్యే వాక్యంలో తప్పు దొరకట్లేదా?

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. ఇంటర్ వరకూ తెలుగు మీడియం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేరవుతున్నాను. మాక్ టెస్టుల్లో డాంగ్లింగ్ మోడిఫయర్ (కామా ముందు చెప్పిన పనికీ, తర్వాత వచ్చే సబ్జెక్టుకీ పొత్తు కుదరని) వాక్యం వచ్చినప్పుడల్లా ‘నో ఎర్రర్’ పెట్టేస్తున్నాను. వివరణ చదివితే అర్థమైనట్టే ఉంటుంది, టెస్టులో మాత్రం పట్టుకోలేకపోతున్నాను. ఏం చేయాలి?

జవాబు: ఆ వాక్యాల్లో ఏ ముక్కను విడిగా చూసినా తప్పు కనిపించదు. టెన్స్, ప్రిపోజిషన్ అన్నీ బాగానే ఉంటాయి. చిక్కంతా రెండు ముక్కలూ కలిసే చోట ఉంటుంది. అందుకే మీరు ‘నో ఎర్రర్’ పెట్టేస్తున్నారు.

‘వాకింగ్ టు ద స్టేషన్, ద రెయిన్ స్టార్టెడ్’ అనే వాక్యం తీసుకోండి. కామా ముందు నడక ఉంది, నడిచే మనిషి లేడు. అలాంటప్పుడు కామా తర్వాత వచ్చే సబ్జెక్టే ఆ పని చేసినట్టు లెక్క. ఇక్కడున్నది వాన. వాన స్టేషన్‌కి నడవదు కదా!

దీన్ని పట్టుకోవడానికి మీ తెలుగే సాయం చేస్తుంది. ‘స్టేషన్‌కి నడుస్తూ వాన మొదలైంది’ అని మనం అనం. ‘నడుస్తుంటే వాన మొదలైంది’ అంటాం. ‘తూ’ వాడితే రెండు పనులూ ఒకరే చేయాలి, మనిషి మారితే ‘తుంటే’ రావాలి. ఐఎన్‌జీతో మొదలైన వాక్యాన్ని ‘తూ’తో చెప్పి చూడండి. చెవికి ఎబ్బెట్టుగా ఉంటే తప్పు అక్కడే ఉంది. సరిచేయడానికి దారులు రెండు. కామా తర్వాత అసలు మనిషిని పెట్టొచ్చు, లేదంటే ముందు ముక్కకే సబ్జెక్టు ఇచ్చి ‘యాజ్ ఐ వాజ్ వాకింగ్ టు ద స్టేషన్, ద రెయిన్ స్టార్టెడ్’ అనొచ్చు.

అయితే ‘ఆఫ్టర్’ వచ్చినప్పుడు తెలుగు చెవిని నమ్మకండి. ‘ఆఫ్టర్ రీడింగ్ ద లెటర్, హిజ్ హ్యాండ్స్ బిగాన్ టు షేక్’ అన్నది చూడండి. ‘ఉత్తరం చదివాక అతని చేతులు వణికాయి’ అని తెలుగులో నిక్షేపంగా అంటాం. ఇంగ్లిష్ వాక్యంలో సబ్జెక్టు మాత్రం ‘హి’ కాదు, ‘హ్యాండ్స్’. చేతులు ఉత్తరం చదవవు. ‘హిజ్’ కనబడగానే మనిషి ఉన్నాడనుకుని చాలామంది ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు. ‘ఆఫ్టర్ హి రెడ్ ద లెటర్’ అని మారిస్తే సరిపోతుంది. ‘హావింగ్ ఫినిష్డ్ ద వర్క్, ద కంప్యూటర్ వాజ్ టర్న్‌డ్ ఆఫ్’ లాంటి పాసివ్ వాక్యాలూ ఇదే కోవలోవి. పని ముగించిన మనిషి వాక్యంలో ఎక్కడా లేడు.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ‘బీయింగ్ ఎ రెయినీ డే, వియ్ స్టేడ్ ఎట్ హోమ్’ తరహా వాక్యం తరచూ కనిపిస్తుంది. వర్షం రోజు ‘వియ్’ కాదు కాబట్టి ‘ఇట్ బీయింగ్ ఎ రెయినీ డే’ అనాలి. ‘జనరల్లీ స్పీకింగ్’, ‘కన్సిడరింగ్’ లాంటివి మాత్రం వాడుకలో స్థిరపడిపోయాయి, వాటిని తప్పుగా గుర్తించకండి.

ఇప్పుడున్న పద్ధతిలో సీజీఎల్ తొలి దశ టైర్-1 గట్టెక్కడానికే, మెరిట్ రెండో దశ టైర్-2తో తేలుతుంది. అందులో ఇంగ్లిష్‌కి 45 ప్రశ్నలు, 135 మార్కులు. తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది. అయినా ఈ ఒక్క టాపిక్ మీద వారాలు పెట్టొద్దు. సబ్జెక్ట్-వెర్బ్ అగ్రిమెంట్, ప్రిపోజిషన్లు ఇంకా గట్టిపడకపోతే ముందు వాటి పని చూడండి. తర్వాత పాత షిఫ్టుల పేపర్లు ముందేసుకుని, ఐఎన్‌జీ, ‘హావింగ్’, ‘బీయింగ్’, ‘టు’లతో మొదలై కామా ఉన్న వాక్యాలను మాత్రమే ఏరండి. ఆప్షన్లు చూడకుండా, కామా తర్వాత వచ్చే సబ్జెక్టు కింద గీత గీసి ‘ఈ పని చేసింది ఇదేనా?’ అని అడగండి. తప్పున్న ప్రతి వాక్యాన్నీ పైన చెప్పిన రెండు దారుల్లోనూ తిరగరాయండి. వాక్యాన్ని సరిచేసే ఆప్షన్ ఎంచుకోమనే సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్రశ్నల్లో ఆ రెండింటిలో ఏది ఆప్షన్‌గా ఇచ్చినా అప్పుడు తడబడరు.