దత్తతా, సంరక్షకత్వమా? ముందు ఆ బంగారాన్ని తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మాది అనంతపురం. పన్నెండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం. నా వయసు 39. చేతికి వచ్చే జీతం నెలకు 1.35 లక్షలు, వాయిదాలతో కలిపి ఖర్చు 1.05 లక్షలు. ఖాతాలో 70 వేలు ఉన్నాయి. ఏడేళ్ల బాబు ఉన్నాడు. నిరుడు రోడ్డు ప్రమాదంలో అక్క, బావ చనిపోయారు. వాళ్ల పాపకు 11 ఏళ్లు, అప్పటినుంచి మా దగ్గరే చదువుతోంది. పెంపకం గురించి నోటరీ దగ్గర కాగితం రాయించాం. స్కూలు ఫీజుకు, పెద్ద ఇంటికి మారడానికి 6 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను. ప్రమాద పరిహారం కేసు నడుస్తోంది. ఈలోగా నా భార్య నగలు తాకట్టు పెట్టి 8 లక్షలు తెచ్చి, హొసకోట వైపు పాప పేరుమీద సైటుకు అడ్వాన్స్ ఇవ్వాలనుకుంటున్నాం. పరిహారం రాగానే అప్పులన్నీ తీర్చేస్తాం. పాపను దత్తత తీసుకోవాలా, సంరక్షకులుగా ఉంటే సరిపోతుందా?

జవాబు: ఆ అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. మీ లెక్క మొత్తం పరిహారం మీద నిలబడి ఉంది, అక్కడే తప్పు జరుగుతోంది. ప్రమాద కేసుల్లో మైనరు వాటాను ట్రైబ్యునళ్లు సాధారణంగా జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తాయి. పాపకు 18 నిండేదాకా, అంటే ఇంకా ఏడేళ్లు, ఆ అసలు మీ చేతికి రాదు. ఒకవేళ వచ్చినా అది ఆ పిల్ల సొమ్ము. 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం సంరక్షకుడు ఆమె ఆస్తికి ధర్మకర్తలాంటివాడు. కోర్టు లెక్క అడగవచ్చు. పాప డబ్బుతో మీ బాకీ తీర్చుకోవాలనే ఆలోచనే వదిలేయండి. మేనకోడలి మీద ప్రేమతోనే ఇదంతా చేస్తున్నారని తెలుసు, కానీ తల్లిదండ్రులు లేని పిల్ల పేరు చెప్పి ఎప్పుడొస్తుందో తెలియని డబ్బు చూసుకుని అప్పు మీద అప్పు చేయడాన్ని నేను ఒప్పుకోలేను. పైగా మైనరు పేరుమీద కొన్న సైటును రేపు అవసరం పడి అమ్మాలంటే కోర్టు అనుమతి తప్పనిసరి. దత్తత తీసుకున్నా అంతే.

ఈ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. మీరు రాసినదాంట్లో టర్మ్ పాలసీ (మీరు చనిపోతే ఇంటివాళ్లకు సొమ్ము వచ్చే జీవిత బీమా) ఊసే లేదు. కొన్నాళ్ల క్రితం నా దగ్గరికి ఒక కుటుంబం వచ్చింది. తమ్ముడి కొడుకును పదేళ్లు పెంచిన పెద్దాయన గుండెపోటుతో పోయారు. ఆ అబ్బాయి అప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. మీలాగే వాళ్ల దగ్గరా నోటరీ కాగితం ఒక్కటే ఉంది. పెద్దాయన పాలసీ, పీఎఫ్ అన్నీ భార్యాపిల్లలకు వెళ్లాయి. అందులో వాళ్ల తప్పేమీ లేదు, చట్టం అలాగే ఉంది. ఆ అబ్బాయి మూడో ఏడాది ఫీజు చలానా చేతిలో పట్టుకుని నా ముందు కూర్చున్నాడు. మీ పాపను ఆ కుర్చీలో చూడాలని లేదు.

కాబట్టి ఈ నెలలోనే 1.6 కోట్లకు తగ్గకుండా టర్మ్ కవర్ తీసుకోండి, రెండు పాలసీలుగా. కోటి రూపాయలది భార్య, బాబు కోసం. మిగిలిన 60 లక్షలది పాప కోసం. కోర్టు నుంచి సంరక్షకత్వ ఉత్తర్వు చేతికి వచ్చాక ఆమెను నామినీగా, మీ భార్యను అపాయింటీగా (నామినీ మైనరుగా ఉన్నంతకాలం ఆ సొమ్ము అందుకునే వ్యక్తిగా) పెట్టమని కంపెనీని అడగండి. మేనకోడలు నామినీ అయినంత మాత్రాన ఆ డబ్బు ఆమె సొంతమైపోదు, మీ వారసులు అడగవచ్చు. అందుకే ఆ పాలసీ సొమ్ము ఆమెకే చెందాలని వీలునామాలో రాసి రిజిస్టర్ చేయించండి. ఆఫీసు ఆరోగ్య బీమాలో పాప పేరు ఉందో లేదో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి. చాలా కంపెనీలు సొంత పిల్లలను, దత్తత పిల్లలను తప్ప ఒప్పుకోవు. లేకపోతే విడిగా పాలసీ తీసుకోండి.

70 వేలు అంటే మీ ఇంటికి ఇరవై రోజుల ఖర్చు. ఉద్యోగం పోతే ఇరవై ఒకటో రోజున నలుగురూ ఏం తింటారు? ఆరు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి ఉండాలి, అంటే 6.3 లక్షలు. ప్రీమియంలు పోను మిగిలేదంతా ముందు ఈ నిధికే. మూడు నెలల ఖర్చు చేరాక, నెలనెలా మిగిలేదాంట్లో సగాన్ని లోన్ ముందస్తు చెల్లింపుకు మళ్లించండి. ఆడపిల్లల పొదుపు పథకమైన సుకన్య ఖాతాకు పాప వయసు దాటింది. ఫండ్లు, చదువు పథకాలు ఆ తర్వాతి సంగతి.

ఇక మీరు అడిగిన ప్రశ్న. 1956 నాటి హిందూ దత్తత చట్టం మీకు అడ్డు రాదు. మీకు కూతురు లేదు, పాపకూ మీకూ 21 ఏళ్లకు పైగా తేడా ఉంది, మేనకోడలు కాబట్టి కూడదన్న నిషేధమూ లేదు. అయితే తల్లిదండ్రులిద్దరూ లేని బిడ్డను దత్తత ఇవ్వాల్సింది సంరక్షకుడే, అదీ కోర్టు అనుమతితో. కాబట్టి ఆ దారిలో వెళ్లినా మొదట సంరక్షకత్వం తేలాలి. బాలల న్యాయ చట్టం కింద జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో బంధువుల దత్తత ఇంకో మార్గం.

దత్తతతో పాప మీ వారసురాలవుతుంది, బాబుతో సమానంగా. ఒకసారి జరిగితే రద్దు ఉండదు. సంరక్షకత్వం 18 ఏళ్లతో ముగుస్తుంది, సరిగ్గా కాలేజీ ఖర్చు మొదలయ్యే వేళకు. ఇలా చూస్తే దత్తతే మేలనిపిస్తుంది. కానీ బావ తండ్రి బతికే ఉండి, ఆయన కొన్న పొలం ఏమైనా ఉంటే ఒక్క నిమిషం ఆగండి. దత్తతకు ముందే పాపకు సంక్రమించిన ఆస్తి ఆమెతోనే ఉంటుంది. తాతగారు ఆ తర్వాత వీలునామా లేకుండా పోతే మాత్రం, చనిపోయిన కొడుకు కూతురిగా రావాల్సిన వాటా పోతుంది. ముందు ఆయనతో మాట్లాడి వీలునామానో, దానపత్రమో రాయించుకోండి.

నా సలహా: ఇప్పుడు సంరక్షకత్వం, రెండు మూడేళ్లలో దత్తత. హిందూ దత్తత చట్టం ప్రకారం 15 ఏళ్లు నిండకముందే జరగాలి, అంటే నాలుగేళ్ల లోపు సమయం ఉంది. ఈలోగా పాపనూ అడగండి. తండ్రి ఇంటిపేరు వదులుకోవడం పదకొండేళ్ల పిల్లకు చిన్న విషయం కాదు.

పాప మీ ఇంట్లోనే ఉంటోంది కాబట్టి పిటిషన్ బెంగళూరులోనే వేయవచ్చు. స్కూలు రికార్డులు, ఆధార్ చిరునామా సిద్ధం చేసుకోండి. మీ ఒక్కరి పేరుతో వేయకండి, భార్యనూ ఉమ్మడి సంరక్షకురాలిగా చేర్చండి. అప్పుడు ఒకరికి ఏమైనా జరిగితే బాధ్యత రెండో వారికి కొనసాగుతుంది, పాప కోసం మళ్లీ కోర్టుకు పరుగెత్తాల్సిన పని ఉండదు.