ఇంగ్లండ్ బౌలర్ జేమ్స్ ఆండర్సన్ 41 ఏళ్ల దాకా టెస్టుల్లో ఫాస్ట్ బౌలింగ్ ఎలా వేయగలిగాడు? యాక్షన్ (బంతి వేసే తీరు) మార్చుకుంటే మనమూ ఎక్కువ కాలం ఆడొచ్చా?

ప్రశ్న అడిగిన తమ్ముడు తనకు 27 ఏళ్లని, టీంలో అందరూ "ఇంక స్పిన్ మొదలుపెట్టు" అంటున్నారని, యాక్షన్ మార్చుకుందామా అని ఆలోచిస్తున్నానని రాశాడు. ఆ చివరి ముక్క చూసే ఈ జవాబు రాస్తున్నాను. ఆ పని చేసి నడుం పోగొట్టుకున్నవాణ్ణి నేను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, టీవీ కామెంటరీ హిందీ. మా టీంలో గొడవలన్నీ మూడు భాషల్లో జరిగేవి, "హౌజాట్" ఒక్కటే అందరికీ ఉమ్మడి. సరిహద్దు దాటితే పాతపట్నం, టెక్కలి. ఇటు కాశీనగరం, గుణుపురం. ఎక్కడ టోర్నమెంట్ పెడితే అక్కడికి బైకుల మీద పోయేవాళ్లం.

నేను పుట్టింది 1982లో. ఆండర్సనూ అదే ఏడాది, జూలై 30న, లాంకషైర్‌లోని బర్న్‌లీలో. అతన్ని మొదటిసారి గట్టిగా గమనించింది 2003 వరల్డ్ కప్‌లో. కేప్‌టౌన్‌లో లైట్ల కింద పాకిస్తాన్ మీద 29 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. నాకు వికెట్ల కంటే అతని తల వింతగా అనిపించింది. బంతి వదిలే క్షణంలో బ్యాట్స్‌మన్ వైపు చూడడు, తల వంగిపోయి నేల చూస్తాడు. మర్నాడు గ్రౌండ్‌లో నేనూ అలా వేసి చూస్తే, అంపైరింగ్ చేస్తున్న మా బాబాయి "ఏటిరా ఎతుకుతున్నావు, డబ్బులేమైనా పడిపోనాయా?" అన్నాడు.

అదే సంవత్సరం మేలో లార్డ్స్‌లో జింబాబ్వే మీద మొదటి టెస్టు, మొదటి ఇన్నింగ్స్‌లోనే 5 వికెట్లు. ఆ తర్వాత కథ చాలామందికి గుర్తుండదు. ఆ వంగే తల, ఆ తిరిగే ఒళ్లు చూసి ఇలా వేస్తే నడుం విరుగుతుందని కోచ్‌లు భయపడ్డారు. యాక్షన్ సరిచేయబోయారు. దాంతో వేగం తగ్గింది, స్వింగ్ (బంతి గాలిలో పక్కకి వంగడం) పోయింది, టీంలో చోటూ పోయింది. ఏ గాయం రాకూడదని మార్చారో అదే వచ్చింది: 2006లో వెన్నెముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే ఒత్తిడి పడి ఎముక సన్నగా చిట్లడం. ఆ వేసవి దాదాపు మొత్తం ఆటకు దూరం. కోలుకున్నాక పాత యాక్షన్‌కే తిరిగి వెళ్లిపోయాడు. మనం చూసిన ఆండర్సన్ అక్కడి నుంచి మొదలయ్యాడు. 2008లో వెల్లింగ్టన్ టెస్టుకు సీనియర్ బౌలర్లు హార్మిసన్, హోగార్డ్‌లను పక్కనపెట్టి ఇతన్నీ స్టువర్ట్ బ్రాడ్‌నీ తీసుకున్నారు. ఇక వెనక్కి చూసుకోలేదు.

నా సంగతి 2004లో. ఒక క్యాంపులో కోచ్ నా యాక్షన్ చూసి, ఛాతీ బ్యాట్స్‌మన్ వైపు పెట్టి వేస్తున్నావు, భుజం తిప్పి పక్కకి నిలబడి వెయ్ అన్నాడు. తిప్పాను. భుజాలైతే తిరిగాయి గానీ వెనక పాదం, తుంటి పాత అలవాటు ప్రకారం ముందుకే ఉండిపోయాయి. పైసగం ఒకవైపు, కిందిసగం ఒకవైపు. మధ్యలో నలిగేది నడుమే. ముందుకాలు నేలకు తగిలే క్షణంలో మన బరువుకు ఎన్నో రెట్లు ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడిలోనే నడుం మెలి తిరగడమూ, పక్కకి వంగడమూ జరుగుతాయి. రోజుకి ఎనభై బంతులు అలా వేస్తే ఎముక సన్నగా చిట్లుతుంది. కుడిచేతి బౌలర్‌కి మామూలుగా ఎడమవైపు వస్తుంది. నాకూ ఎడమవైపే వచ్చింది.

మా ఊళ్లో ఎక్స్‌రే తీస్తే ఏమీ కనబడలేదు. కండరం పట్టిందన్నారు, అమ్మ కాపడం పెట్టింది, మాత్రలు మింగి సీజనంతా ఆడాను. చివరికి విశాఖపట్నం వెళ్లాను. బస్సులో కూర్చోలేక సగం దారి రాడ్ పట్టుకుని నిలబడే ఉన్నాను. ఎమ్మారైలో బయటపడింది. అప్పటికి చాలా నెలలు నష్టపోయాను. ఇంగ్లండ్ బోర్డులో ఫిజియోలు, స్కానింగులు ఉన్నవాడికీ, జిల్లా స్థాయివాడికీ తేడా అక్కడే. యాక్షన్ చెడగొట్టుకోవడం ఇద్దరికీ ఒకటే, బాగుపడటం మాత్రం ఒకటి కాదు.

అందుకే ఆండర్సన్ రహస్యం ఫిట్‌నెస్ అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు చిరాకు. ఫిట్‌నెస్ ఉన్నవాళ్లు చాలామంది ముప్పై మూడుకే ఇంటికెళ్లారు. ఇతనికి ఇంకో రెండు కలిసొచ్చాయి. ఒకటి, ఆటలో కొంత వదిలేసుకోవడం. టీ20 అంతర్జాతీయాలు 2009తో సరి, వన్డేలు 2015 వరల్డ్ కప్‌తో సరి. అప్పటికి వన్డేల్లో 269 వికెట్లున్నాయి. ఆ తర్వాత తొమ్మిదేళ్లు దేశానికి టెస్టులే ఆడాడు. 2000లో ఇంగ్లండ్ బోర్డు సెంట్రల్ కాంట్రాక్టులు (ఆటగాళ్లతో బోర్డే నేరుగా చేసుకునే ఒప్పందాలు) తెచ్చింది కాబట్టి కౌంటీ (అక్కడి దేశవాళీ జట్టు) కోసం ఒళ్లు హూనం చేసుకోవాల్సిన పనీ లేకపోయింది. పాత తరం బౌలర్లకు ఆ భాగ్యం లేదు, అది ఒప్పుకోవాలి.

రెండోది వేగం లేకుండా బతకడం నేర్చుకోవడం. 2010లో పాకిస్తాన్ ఇంగ్లండ్ వచ్చినప్పుడు మహమ్మద్ ఆసిఫ్ వేసేది చూసి వాబుల్ సీమ్ అనే కిటుకు పట్టుకున్నాడు. సీమ్ అంటే బంతి మీది కుట్టు. మామూలు స్వింగ్‌కి రెండు వేళ్లు సీమ్‌కి ఆనించి దగ్గరగా పెడతాం, సీమ్ నిటారుగా వెళుతుంది. దీనికి వేళ్లు కొంచెం ఎడంగా పెట్టి వదలాలి. సీమ్ అటూ ఇటూ ఊగుతూ పోయి, ఏ అంచు మీద పడితే అటు కదులుతుంది. ఎటు పోతుందో వేసినవాడికే తెలియదు, ఇక ఆడేవాడికేం తెలుస్తుంది. దీనికి 145 కిలోమీటర్ల వేగం అక్కర్లేదు. నేను మా గ్రౌండ్‌లో మ్యాట్ మీద ప్రయత్నించాను. కొత్త బంతితో పది ఓవర్ల దాకా బాగానే పనిచేసింది, తర్వాత మా బంతి ఎండుకొబ్బరికాయలా పీచు లేచిపోయి సీమే కనబడలేదు.

ఇంగ్లండ్‌లో మబ్బులు, డ్యూక్స్ బంతి (అక్కడ టెస్టులకు వాడే రకం) ఉంటే ఎవడైనా తీస్తాడు అనే వాదన ఉంది. సగం నిజమే, అతని 704 టెస్టు వికెట్లలో 400కు పైగా సొంతగడ్డ మీదే. కానీ 2021లో చెన్నై టెస్టు చివరి రోజు చూసినవాళ్లు ఆ మాట అనరు. పాత బంతి, ఎండ, 38 ఏళ్ల ఒళ్లు. ఒకే ఓవర్లో రివర్స్ స్వింగ్‌తో (పాత బంతి మామూలుకు ఎదురువైపు వంగడం) గిల్‌నీ రహానేనీ బౌల్డ్ చేశాడు. నేను దుకాణంలో కస్టమర్‌ని నిలబెట్టేసి ఫోన్‌లో ఆ ఓవర్ మళ్లీ మళ్లీ చూశాను. 700వ వికెట్ కూడా మన దగ్గరే, 2024 మార్చిలో ధర్మశాలలో, కుల్దీప్‌ది.

స్వింగ్ ఒక్కటే ఉంటే చాలదనడానికి మా ఒడిశా దేబాశిష్ మొహంతీయే ఉన్నాడు. మన దేశంలో జోన్ల మధ్య జరిగే దులీప్ ట్రోఫీలో సౌత్ జోన్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో పదికి పది వికెట్లు తీసినవాడు. ఆడిన టెస్టులు రెండే. మా బాబాయి ఇప్పటికీ ఈ లెక్క చెప్పి బాధపడతాడు.

2024 జూలైలో లార్డ్స్‌లో, మొదలుపెట్టిన గ్రౌండ్‌లోనే, 188వ టెస్టుతో ఆండర్సన్ ముగించాడు. చివరి రోజు వెస్టిండీస్ ఆటగాడు మోటీ కొట్టిన రిటర్న్ క్యాచ్ తన చేతుల్లోంచే జారిపోయింది. మర్నాటి నుంచి పూర్తిగా మానేశాడా అంటే లేదు, 2025లో మళ్లీ తన కౌంటీ జట్టు లాంకషైర్‌కి బంతి పట్టాడు.

నీ విషయానికొస్తే తమ్ముడూ, 27 ఏమంత వయసు కాదు. యాక్షన్ మీద చెయ్యి వేసేముందు ఎవరినైనా పక్కనుంచి, వెనకనుంచి స్లో మోషన్ వీడియో తియ్యమను. వెనక పాదం, తుంటి, భుజాలు మూడూ ఒకే వైపు ఉన్నాయంటే ఎవరేం చెప్పినా ముట్టుకోకు. లేకపోతే సీజన్ అయ్యాక, తెలిసినవాళ్ల దగ్గర, నెలల తరబడి నెమ్మదిగా మార్చుకో. టోర్నమెంట్ మధ్యలో మాత్రం వద్దు. బౌలింగ్ వేసినప్పుడల్లా నడుం ఒకవైపే నొప్పి పెడుతూ రెండు వారాలు దాటితే, బౌలింగ్ ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఎక్స్‌రే బాగుందని వాళ్లు పంపించేస్తే ఎమ్మారై సంగతి నువ్వే అడుగు.