వాక్యం చివర ప్రిపోజిషన్ వస్తే తప్పా?

మీరు అడిగింది ఇది: "ద హౌస్ ఐ లివ్ ఇన్" అని రాస్తే మాస్టారు కొట్టేసి "ద హౌస్ ఇన్ విచ్ ఐ లివ్" అని దిద్దారు, కాజీపేటలో మీ గదిలోని మిత్రులు మాత్రం మొదటిదే సహజం అంటున్నారు, ఎవరిది ఒప్పు?

వ్యాకరణం ప్రకారం రెండూ ఒప్పే. హన్మకొండలో డిగ్రీ విద్యార్థులకు, పోటీ పరీక్షలకు చదివేవారికి చాలాకాలంగా ఇంగ్లీషు చెబుతున్నాను. ప్రిపోజిషన్ (ఇన్, టు, ఆన్ లాంటి చిన్న మాట) వాక్యం చివర రాకూడదన్న ఈ ఒక్క నిషేధం వల్ల మన పిల్లలకు ఎంత నష్టం జరుగుతోందో రోజూ చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఈ నిషేధం భాషతోపాటు పుట్టింది కాదు. 1672లో కవి జాన్ డ్రైడెన్, తన ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాలను విమర్శిస్తూ, ప్రిపోజిషన్‌ను చివర వదలడం ఆయనకు అలవాటైన దోషమన్నాడు. 1668 నాటి తన వ్యాసాన్ని కూడా 1684లో ఆ మేరకు దిద్దుకున్నాడు. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ అంత దూరం పోలేదు. మాటల్లో, మామూలు రాతలో ఈ ప్రయోగం ఉండేదేనని, గంభీరమైన రచనకు మాత్రం ప్రిపోజిషన్ ముందుకు వస్తే బాగుంటుందని అన్నాడు. అది చెప్పే వాక్యంలోనే ఒక భాగాన్ని ప్రిపోజిషన్‌తో ముగించాడు! తర్వాత బడుల్లో ఆ అభిరుచే శాసనమైంది. 1926లో ఇంగ్లీషు వాడుకపై పుస్తకం రాసిన ఫౌలర్ దీన్ని మూఢనమ్మకమని తేల్చినా మన తరగతి గదుల్లో ఇంకా నడుస్తూనే ఉంది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. మనం "మేము వెళ్లిన గుడి", "నేను కూర్చున్న బెంచీ" అంటాం. గుడి"కి" వెళ్లినా, బెంచీ "మీద" కూర్చున్నా ఆ విభక్తి ఇక్కడ కనిపించదు, తెలుగుకు దాని అవసరం లేదు. అదే పద్ధతిలో ఇంగ్లీషు రాస్తే "ద టెంపుల్ వుయ్ వెంట్", "ద బెంచ్ ఐ శాట్" అవుతాయి. ఇవి నిజంగా తప్పులు. వెయ్యిస్తంభాల గుడి గురించి పేరా రాయమంటే మొదటి తప్పు తరచూ కనబడుతుంది. చివర "టు" ఉండాలని బోధించాల్సిన చోట, చివర ప్రిపోజిషన్ పెట్టవద్దని భయపెడితే పిల్లవాడు దాన్ని పూర్తిగా ఎగరగొడతాడు. లేదా రెండు చోట్లా పెట్టి "ఇన్ విచ్ ఐ లివ్ ఇన్" అంటాడు. ఆ భయం నాటిన వాళ్లం మనమే, అందుకే నాకు ఈ విషయంలో ఇంత పట్టుదల.

పైగా కొన్ని వాక్యాల్లో ముందుకు జరపడం కుదరనే కుదరదు. "ద చైల్డ్ వాజ్ లుక్డ్ ఆఫ్టర్" అన్నప్పుడు ఆ "ఆఫ్టర్" ఎక్కడికి పోతుంది?

మీ మాస్టారితో గొడవకు దిగవద్దు. అధికారిక లేఖల్లో, వ్యాసాల్లో "ఇన్ విచ్" హుందాగా ఉంటుంది, అక్కడ ఆయన సలహా మంచిదే. పరీక్షలో కూడా అదే రాయండి, ఎవరూ మార్కు తగ్గించరు. సంభాషణలో, ఇంటర్వ్యూలో మాత్రం చివర పెట్టే మాట్లాడండి. రాసింది సరిచూసుకునేటప్పుడు, ప్రిపోజిషన్ ఎక్కడ ఉందని కాదు, అసలు ఉందా లేదా అని చూడండి.