నీ కథలో కౌలెంత?

తమ్ముడూ,

స్క్రిప్టు చదివాను. తల్లీకొడుకుల డైలాగులు బాగా కుదిరాయి. కానీ మొదటి పేజీలో 'పేద రైతు' అని రాసి వదిలేశావు. ఎన్నెకరాలు? సొంతమా, కౌలా? కౌలైతే ముందే కట్టాడా, పంటొచ్చాక కట్టాలా? ఏమీ చెప్పలేదు. ఆయన పేదరికమంతా చిరుగుల పంచెలో పెట్టావు. (షూటింగ్ నాటికి ఆ పంచెకూ ఇస్త్రీ చేయిస్తారు, చూస్తుండు.)

జనం చూసే సినిమాలో లెక్కలేంటని ఎవరైనా అంటే, 1957లో వచ్చిన 'మదర్ ఇండియా' చూడమను. పెళ్లి కోసం అత్త చేసిన ఐదు వందల అప్పు. దాని వడ్డీకి పంటలో ముప్పావు వంతు షావుకారు పట్టుకుపోతాడు. సినిమా మొత్తాన్ని నడిపేది ఆ లెక్కే. 2018 నాటి 'రంగస్థలం'లోనూ ప్రెసిడెంటు ఊరిని గుప్పిట్లో పెట్టుకున్నది సొసైటీ అప్పులతోనే. మరి 'శ్రీమంతుడు'లో? కోటీశ్వరుడి కొడుకు మనసు కరిగి ఊరిని దత్తత తీసుకుంటే గానీ ఆ ఊరికి దిక్కులేదు. నీ క్లైమాక్సు కూడా అటే పోయింది.

మీ రైతుది నల్గొండ వైపన్నావు కదా. యాసంగి కోతలప్పుడు ఒక రోజు వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర కూర్చో. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. అందుకే రోడ్డు మీదే ఆరబోస్తారు. మబ్బు పట్టిందంటే టార్పాలిన్ల కోసం ఉరుకులు. వడ్లు ఎండాయనుకుంటే గన్నీ సంచులు రాలేదంటారు. తూకం కూడా అయ్యాక, తాలుందని మిల్లు దగ్గర తరుగు తీస్తారు. మీసం మెలేసేవాడు అక్కడ ఒక్కడూ కనపడడు. రైతు మాత్రం చీటీ చేతిలో పట్టుకుని ఎన్ని కిలోలు పోయాయో వేళ్ల మీద లెక్కేసుకుంటుంటాడు.

ఇంకో సంగతి. ఆయన కౌలుదారైతే, 2018లో తెలంగాణ సర్కారు మొదలుపెట్టిన పెట్టుబడి సాయం, రైతుబంధు సొమ్ము ఆయనకు రాలేదు, పట్టాదారు ఖాతాలో పడింది. ఆ పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడనుకో. మంచివాడే, దసరాకొస్తే వీళ్ల పిల్లలకు బట్టలు తెస్తాడు. వాళ్లిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టి వచ్చే ఏడాది కౌలు మాట్లాడించు. రైతుబంధు ఊసు ఎవరెత్తుతారో, ఎత్తలేక ఎలా నసుగుతారో రాయి. నువ్వు విలన్ కోసం రాసిన మూడు సీన్లూ అప్పుడు తీసేయొచ్చు.

అమెరికా నుంచి దిగే హీరోని ప్రస్తుతానికి శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనే ఆపు. అరుగు సీను అయ్యాక వాట్సాప్‌లో పెట్టు, మిగతాది ఫోన్లో మాట్లాడుకుందాం.

మీ అన్న