మంత్రి మారితే పాత హామీ నిలుస్తుందా?

మంత్రి మారినంత మాత్రాన హామీ రద్దు కాదు. అది ఏ కాగితం మీదికి ఎక్కిందన్నదే అసలు ప్రశ్న.

చట్టంలో ఉంటే గట్టిది. పోలవరం జాతీయ ప్రాజెక్టు అన్న మాట 2014 పునర్విభజన చట్టం 90వ సెక్షన్‌లో ఉంది. ఢిల్లీలో ప్రభుత్వమే మారినా నిలిచింది. అదే ఏడాది ఫిబ్రవరి 20న ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో ప్రకటించిన ప్రత్యేక హోదా చట్టంలోకి రాలేదు. తర్వాత ఏమైందో మనకు తెలిసిందే.

జీవో వెలువడేది గవర్నర్ పేరిట, మంత్రి పేరిట కాదు. గడువు ముగియకపోతే, మరో జీవో రద్దు చేసేదాకా అమల్లో ఉన్నట్టే. చిక్కల్లా డబ్బు దగ్గరే: రద్దు చేయనక్కర్లేదు, బడ్జెట్‌లో పైసా పెట్టకపోతే చాలు. అందుకే సమాచార హక్కు దరఖాస్తులో జీవో నంబరు ఒక్కటే కాదు, ఈ ఏడాది కేటాయింపు ఎంత, విడుదల ఎంత అనీ అడగండి.

హామీని నమ్మి పెట్టుబడి పెట్టినవారికి కోర్టు దారి ఉంది. మోతీలాల్ పదంపత్ షుగర్ మిల్స్ కేసులో అమ్మకపు పన్ను మినహాయింపు మాట నుంచి యూపీ సర్కారు తప్పుకోవడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అయితే అంతకు మించిన ప్రజాప్రయోజనం ఉందని ప్రభుత్వం రుజువు చేస్తే ఈ వాదన నిలవదు. చట్టానికి విరుద్ధమైన హామీకి అసలే వర్తించదు.